ఆ రంగు ఎవరిది?

‘వెలుగులోకి తెచ్చాం’ అనే మాట మన స్త్రీవాద రచనల్లో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం కష్టం. మరుగున పడిన రచయిత్రుల్ని వెలుగులోకి తెచ్చాం. ఇంటిచాకిరీని వెలుగులోకి తెచ్చాం. గడపలోపలి హింసని వెలుగులోకి తెచ్చాం. ఈ మాట వింటే వెలుగు అనేది ముందే ఎక్కడో పరుచుకుని ఉన్నట్టు, మనం చేసిందల్లా చీకట్లో ఉన్నదాన్ని ఎత్తి అందులో పెట్టడమే అన్నట్టు ఉంటుంది. ఆ దీపం ఎవరి చేతిలోది, దాని రంగేమిటి, అది పడ్డప్పుడు కనిపించినది వస్తువు స్వభావమా, దీపం ప్రభావమా అన్న ప్రశ్నలకి ఆ మాటలో చోటు లేదు. సముద్రం అడుగున రాత్రిపూట చేసే ఒక రకం డైవింగ్ గురించి చదువుతూ, ఒకసారి స్వయంగా చేసి చూస్తూ నేను ఈ ప్రశ్నల దగ్గరికి వచ్చాను. అందుకని ముందు దాని సంగతి కాస్త వివరంగా చెప్పాలి.

రాత్రివేళ స్కూబా డైవింగ్‌కి వెళ్ళేవాళ్ళు మామూలుగా తెల్లటి టార్చి పట్టుకెళ్తారు. నేను చెప్పే పద్ధతిలో ఆ టార్చికి ఒక ఫిల్టరు బిగిస్తారు. దానిలోంచి అతినీలలోహిత కాంతి గానీ ముదురు నీలం కాంతి గానీ మాత్రమే బయటికొస్తుంది. కళ్ళకి పెట్టుకునే మాస్కు మీద మరో ఫిల్టరు తొడుగుతారు. అది పసుపు రంగుది. కెమెరా ఉంటే దాని ముందు కూడా అలాంటి పసుపు అద్దమే. సరంజామా అంతే. వీటితో దిగితే, పగలు గోధుమరంగులో మొద్దుగా పడి ఉన్న పగడాలు ఆకుపచ్చగా, నారింజ రంగులో, ఎర్రగా మెరుస్తాయి. ఇసుక మాయమవుతుంది, దాని మీద పడుకున్న చేప ఒక్కటే ఆకుపచ్చ గీతలా మిగులుతుంది. రాళ్ళకి పట్టిన నాచు నెత్తుటి ఎరుపులో కనిపిస్తుంది.

ఇందులో ఇంద్రజాలం ఏమీ లేదు. కొన్ని పదార్థాలు పొట్టి తరంగాల కాంతిని మింగి, అందులో కొంత శక్తిని పోగొట్టుకుని, మిగిలినదాన్ని పొడుగు తరంగాల కాంతిగా విడుస్తాయి. నీలం తీసుకుని ఆకుపచ్చో ఎరుపో ఇస్తాయన్నమాట. 1852లో జార్జ్ స్టోక్స్ దీన్ని వివరించి, ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజం పేరు మీద ఫ్లోరసెన్స్ అని పేరుపెట్టాడు. మన పాఠ్యపుస్తకాల్లో దీన్ని ‘ప్రతిదీప్తి’ అంటారు. మామూలుగా మన పారిభాషిక పదాలు నోరు తిరక్కుండా చేస్తాయి గానీ ఇది మాత్రం అసలు కంటే మంచి మాట. దీప్తికి జవాబుగా వచ్చే దీప్తి. మన ఇళ్ళలో ట్యూబులైటు వెలిగేది ఇలాగే. గొట్టం లోపల పుట్టే అతినీలలోహిత కాంతిని గాజుకి పూసిన తెల్లటి పూత మింగి మనకి పనికొచ్చే వెలుగుగా ఇస్తుంది. బట్టల సబ్బుపొడిలో తెలుపు కోసం కలిపే రసాయనం, నోటు దొంగదా కాదా అని బ్యాంకులో చూసే దీపం కింద మెరిసే సిరా, స్పిరిట్‌లో కలిపిన పసుపు, మన పళ్ళు – అన్నీ ఈ కోవలోవే. మిణుగురు వేరు. అది తన వంట్లోని రసాయనాలతో తానే వెలుగు చేసుకుంటుంది, ఎవరి దీపమూ అక్కర్లేదు. ప్రతిదీప్తికి దీపం కావాలి. దీపం ఆరిపోతే సెకనులో వందకోట్ల వంతుల్లో లెక్కపెట్టేంత తక్కువ కాలంలో అదీ ఆరిపోతుంది.

పసుపు అద్దం సంగతి ఇంకా ఆసక్తికరం. మనం వేసిన నీలం వెలుగు అన్నిటి మీదా పడి తిరిగి మన కంటికే వస్తుంది. పగడం ఇచ్చే జవాబు దానితో పోలిస్తే చాలా బలహీనమైనది. అందువల్ల కంటి ముందు ఏ అడ్డూ లేకపోతే మనకి కనిపించేది ఎక్కువగా మన నీలమే. పసుపు ఫిల్టరు ఆ నీలాన్ని ఆపి, జవాబుని మాత్రమే లోపలికి రానిస్తుంది. మొదటిరోజుల్లో అందరూ అతినీలలోహిత దీపాలే వాడేవారు. ఈ డైవింగ్‌కి ఇప్పటికీ వాడుకలో ఆ పేరే ఉంది. అయితే సముద్రజీవుల్లోని ప్రతిదీప్తి పదార్థాలు ఎక్కువగా నీలానికే బాగా స్పందిస్తాయని తెలిశాక, అతినీలలోహిత కాంతి కళ్ళకి చేసే హాని కూడా చూసుకున్నాక, సుమారు 450 నానోమీటర్ల నీలం దీపాలు వచ్చాయి. అమెరికాలో చార్లెస్ మాజెల్ లాంటివాళ్ళు ఈ పరికరాల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు.

నేను దిగింది అండమాన్‌లో ఒక దీవి దగ్గర, పది మీటర్ల లోతుకి. తీసుకెళ్ళిన అమ్మాయి అక్కడ స్థిరపడిన శ్రీకాకుళం కుటుంబంలో పుట్టింది. పసుపు అద్దం తొడుక్కున్నాక మొదట అనిపించేది గుడ్డితనమే. పక్కనున్న మనిషి కనిపించదు, చేతి సైగలు కనిపించవు. ఆమె చీలమండ దగ్గర కట్టుకున్న రంగు పట్టీ ఒక్కటే సముద్రంలో అన్నిటికంటే ఎక్కువ మెరుస్తోంది – ఏ కార్ఖానాలోనో తయారైన ప్లాస్టిక్! తర్వాత ఒక్కొక్కటిగా పగడాలు. మెదడు మడతల్లాంటి ఒకదానికి మడత అంచులన్నీ ఆకుపచ్చ. దాని పక్కన గుండ్రంగా, నల్లగా ఒక రాయి. నేను కావాలని అద్దాన్ని పైకెత్తి చూశాను. అంతా నీలం వరద. ఆకుపచ్చ ఉందో లేదో అన్నట్టుంది. మళ్ళీ దించాను, మళ్ళీ వచ్చింది. ఆ ఎత్తడం దించడం నాలుగైదుసార్లు చేశాను. పైకొచ్చాక ఆ నల్లరాయి గురించి అడిగితే ఆ అమ్మాయి నవ్వింది. “రాయి కాదక్కా, అదీ పగడమే. బతికే ఉంది. దానికి ఈ లైటు పడదు, అంతే.”

ఆ రెండు చూపులే, అద్దం ఎత్తడమూ ఆ నల్లరాయీ, నాకు ఇక్కడ ముఖ్యం.

మొదట అద్దం సంగతి. అద్దం పెట్టుకుంటేనే కనిపించే రంగుని పగడానిది అనొచ్చా? దీపం నాది, ఫిల్టరు నాది, కన్ను నాది. ‘వాస్తవం’ అని చెప్పుకునే ప్రతిదాని వెనకా ఒక చూసే స్థానం ఉంటుందని స్త్రీవాదులు చాలాకాలంగా చెబుతున్నారు. డోనా హారవే 1988లో రాసిన వ్యాసంలో, ఎక్కడా నిలబడకుండా అన్నిటినీ చూస్తున్నానని చెప్పుకునే చూపుని దేవుడి గారడీ అంది. మనిషి కన్నయినా యంత్రం కన్నయినా ఒక చోటు నుంచే చూస్తుందని, ఆ చోటుకి బాధ్యత పడాలని ఆమె వాదన. యూనివర్సిటీ సెమినార్లలో మనం ఈ మాట ఎంతగా అరగదీశామంటే, ఇప్పుడు దాన్ని ఎవరైనా ఎవరి మీదైనా వాడొచ్చు. నా భయం అక్కడే. ఎందుకంటే అచ్చంగా ఇదే వాదన ఇంకోచోట కూడా వినిపిస్తుంది. కోర్టులో.

‘మీరు అడిగారు కాబట్టి చెప్పింది.’ ‘సంఘం వాళ్ళు నేర్పించారు.’ ‘అంతకుముందు ఈ మాట ఎందుకు చెప్పలేదు?’ హింస గురించి నోరువిప్పిన ప్రతి ఆడమనిషి ముందూ ఈ మాటలు పెడతారు. ఆమె మాటలో కనిపించే రంగు ఆమెది కాదు, పక్కన దీపం పట్టుకు నిలబడ్డ స్త్రీవాదులది అని దానర్థం. 1978లో హైదరాబాదులో రమీజాబీ మీద పోలీస్ స్టేషన్లో అత్యాచారం జరిగి, ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ దెబ్బలకి చనిపోయినప్పుడు, జస్టిస్ ముక్తదర్ కమిషన్ ఆ పోలీసులు దోషులేనని తేల్చింది. కేసు రాయచూరుకి మారింది. 1981లో అక్కడి కోర్టు వాళ్ళని వదిలేసింది. మనిషి ఒకతే, జరిగిందీ ఒకటే. ఈ రెంటి మధ్యా ఆమె నడవడి మీద నడిచిన విచారణ ఎంత! సాక్ష్యం వినేవాళ్ళ కళ్ళ ముందు ఏ అద్దం ఉందో ఎవరూ అడగలేదు గానీ ఆమె వెనక ఎవరున్నారో మాత్రం అందరూ అడిగారు.

కాబట్టి ‘చూసేవాళ్ళని బట్టే అంతా’ అని చేతులు దులుపుకునే స్థితిలో మనం లేం. ఇక్కడ ప్రతిదీప్తి నాకు ఒక ఆసరా ఇచ్చింది. దీపం శక్తిని ఇస్తుంది. ఏ రంగు రావాలో నిర్ణయించేది మాత్రం ఆ పదార్థం నిర్మాణమే. అదే నీలం వెలుగు ఒకచోట ఆకుపచ్చ అవుతుంది, అరడుగు పక్కన నారింజ అవుతుంది, ఉత్త ఇసుక మీద ఏమీ కాదు. నేను ఎంత ప్రయత్నించినా నా టార్చితో ఇసుకకి ఎరుపు ‘నేర్పించలేను’. నేను అడిగానన్నది నిజమే. నేను అడిగినందువల్ల వచ్చిన జవాబు అయినంత మాత్రాన అది నాది అయిపోదు. ఇంకోమాట. ఎరుపు కాంతిని సముద్రం చాలా త్వరగా మింగేస్తుంది, పది మీటర్ల లోతుకి వచ్చేసరికి దాదాపు మిగలదు. ఇంకా కిందికి పోయేకొద్దీ మిగిలేది నీలమే. అంటే పగటిపూట సముద్రమే ఒక పెద్ద నీలం దీపం. మనం దిగినా దిగకపోయినా పగడాలు దానికి జవాబు ఇస్తూనే ఉంటాయి. మిగతా వెలుగులో కలిసిపోయి మన కంటికి తేలదు, అంతే. ప్రశ్న అడగకముందు నుంచీ జవాబు ఉందని దీన్నిబట్టి అనడానికి నాకేమీ సంకోచం లేదు.

మరి పసుపు అద్దం? మనలో చాలామందిమి ఇంటర్వ్యూలు చేసినవాళ్ళమే. క్యాసెట్ల కాలం నుంచి సెల్‌ఫోన్ రికార్డుల దాకా. ఆ తర్వాత కూర్చుని రాసేటప్పుడు మొట్టమొదట తీసేసేది మన ప్రశ్నల్నే. ఆమె ఆగకుండా తన కథ చెప్పుకుపోయినట్టు పేజీ తయారవుతుంది. అది అచ్చంగా పసుపు అద్దం పనే. మన వెలుగు తిరిగివచ్చి మన కంట్లోనే కొట్టకుండా ఆపడం. అది లేకపోతే ఆమె గొంతు వినపడదు, మన గొంతే వినిపిస్తుంది. అందుకని అద్దం తీసిపారేయమని నేననను. అయితే డైవింగ్ ఫోటో కింద ‘పగడాల రహస్య ప్రపంచం’ అని రాసి, దీపం గురించీ అద్దం గురించీ ఒక్క ముక్క రాయకపోవడం ఎలాంటిదో, ప్రశ్నలు తీసేసి, తీసేశామని చెప్పకపోవడం కూడా అలాంటిదే. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ని నేను ఇప్పటికీ క్లాసులో చదివిస్తాను. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలని 1980లలోని స్త్రీవాదులు తమ ప్రశ్నలతో కలిశారు. పార్టీ చరిత్రలు వేసిన దీపానికి కనపడని రంగులు – కాన్పులు, పిల్లల్ని వదిలేసి వెళ్ళడం, పోరాటం అయ్యాక మళ్ళీ వంటింటికి పంపడం – వాళ్ళ దీపానికి కనపడ్డాయి. ఆ రంగులు ఆ స్త్రీలవే. ఆ దీపం ఆ కాలానిది. రెండూ కలిపి చెప్పినందువల్ల ఆ పుస్తకం విలువ తగ్గదు, చదివేవాళ్ళకి పట్టు దొరుకుతుంది.

ఇక రెండోది, ఆ నల్లరాయి. నాకు ఎక్కువ ఇబ్బంది కలిగించేది ఇదే. నీలం దీపానికి మెరిసేవన్నీ ఉన్నవే అని ఒప్పుకున్నాక, మెరవనివి లేవని అనుకోవడం చాలా తేలిక. ఆ చీకట్లో కళ్ళు మెరుపులకే అలవాటుపడతాయి. కాళ్ళు కూడా అటే ఈదుతాయి. బతికున్న పగడాన్ని రాయి అనుకుని దాటిపోవడానికి అరనిమిషం చాలు. మన స్త్రీవాద సాహిత్యంలో ఇది జరగలేదా? 1990లలో దళిత స్త్రీలు, ముస్లిం స్త్రీలు లేచి, మీ దీపం కింద మేం కనిపించడం లేదు, మీరు అడిగేవి మా ప్రశ్నలు కావు అన్నప్పుడు మనలో కొందరికి కోపమొచ్చింది కూడా. గోగు శ్యామల సంపాదకత్వంలో ‘నల్లపొద్దు’ వచ్చాక, అంతకాలం రాయి అనుకున్నచోట ఎంత బతుకుందో మన చేతికే అందింది. అది మన దీపాన్ని ఇంకాస్త గట్టిగా వేసినందువల్ల కనిపించింది కాదు. వేరే దీపం, వేరే చేతుల్లో. శరీరం గురించి, లైంగికత గురించి అడిగితే జంకు లేకుండా మాట్లాడే స్త్రీ మనకి వెంటనే దొరుకుతుంది. కూలిరేటు గురించో, నీళ్ళ దగ్గర కులం గురించో అడిగితే మాత్రమే మాట్లాడే మనిషి మన మొదటి ప్రశ్నకి నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ నిశ్శబ్దాన్ని మనం ‘చైతన్యం లేకపోవడం’ అని నోట్సులో రాసుకుంటాం.

ఇక్కడ శాస్త్రవేత్తల మధ్య నడిచిన ఒక చర్చ చెప్పాలి. 2014లో డేవిడ్ గ్రూబర్, జాన్ స్పార్క్స్, వాళ్ళ సహచరులు 180కి పైగా చేప జాతుల్లో ప్రతిదీప్తి ఉందని ప్రచురించారు. తర్వాతి ఏడాది సాలమన్ దీవుల దగ్గర గ్రూబర్‌కి ఆకుపచ్చగా, ఎర్రగా మెరిసే హాక్స్‌బిల్ తాబేలు కనిపించింది. పత్రికల్లో పెద్ద సంబరం. రహస్య భాష, రహస్య సంకేతాలు! 2017లో జస్టిన్ మార్షల్, సోన్కే జాన్సెన్ కొంచెం ఆగమన్నారు. మెరిసిన ప్రతిదీ ఎవరికో కబురు పంపుతున్నట్టు కాదు. ఆ జీవి బతికే లోతులో ఉండే సహజమైన వెలుగుకే అది మెరవాలి, ఆ మెరుపు చూసే జీవి కంటికి ఆనాలి, చూసినందువల్ల దాని ప్రవర్తన మారాలి. ఇవన్నీ చూపించగలిగితేనే సంకేతం అనాలన్నారు. ఒక రకం మాంటిస్ రొయ్య ఒంటి మీది పసుపు మచ్చలు లోతునీళ్ళలో దాని బెదిరింపు భంగిమకి బలమిస్తాయని 2004లోనే మాజెల్ బృందం చూపించింది. అలాంటి ఉదాహరణలు తక్కువ. నాకు ఈ ‘ఆగమనడం’ నచ్చింది. అందంగా ఉంది కాబట్టి మనతో ఏదో చెబుతోందని అనుకోవడం చూసేవాళ్ళ పాత జబ్బు. అలంకరించుకున్న ఆడపిల్ల ఎవరికోసమో అలంకరించుకుందని తేల్చేసే వీధి చూపు దీనికి దగ్గరి చుట్టమే.

పగడాలకైతే కళ్ళే లేవు. మరి వాటికెందుకీ రంగు? దీనికి సిడ్నీలో పనిచేసిన ఆన్యా సాలిహ్, ఆమె సహచరులు 2000లో ఒక జవాబు ఇచ్చారు. లోతు తక్కువ నీళ్ళలో ఎండ మితిమీరి పడేచోట ఈ పదార్థాలు గొడుగులా పనిచేస్తాయి. పగడం కణజాలంలో కాపురముండే సన్నటి శైవలాలని, అంటే పగడానికి తిండిపెట్టేవాటిని, మితిమీరిన వెలుగు నుంచి కాపాడతాయి. లోతున, వెలుగు చాలనిచోట, పని తలకిందులు. నీలాన్ని నారింజ ఎరుపులుగా మార్చి కణజాలం లోపలికంటా ఆ శైవలాలకి చేరవేస్తాయని తర్వాతి పరిశోధన. ప్లవకాలని ఆకర్షించే ఎర కావచ్చని 2022లో ఓర్ బెన్-ఝ్వీ బృందం ఇంకో కారణం చూపింది. ఒకే మెరుపు ఒకచోట గొడుగు, ఒకచోట లాంతరు, ఒకచోట గాలం. మన టార్చికి మాత్రం మూడూ ఒకేలా ఉంటాయి!

ఈ రంగుల చరిత్రలో ఇంకో చీకటి మూల ఉంది, చెప్పకుండా దాటలేను. న్యూ కలెడోనియాలోని నూమేయాలో రెనే కాతలా, ఆయన భార్య ఇదా స్తూకీ కలిసి 1956లో ఒక అక్వేరియం పెట్టారు. 1950ల చివర్లో లోతునీటి పగడాల మీద అతినీలలోహిత దీపం వేసి ఈ మెరుపుల్ని లోకానికి చూపించింది అక్కడే. 1964లో వచ్చిన పుస్తకం మీద పేరు ఆయనదొక్కటే. ఆకుపచ్చగా మెరిసే ప్రొటీన్‌ని ఒసాము షిమోమురా జెల్లీ ఫిష్ నుంచి వేరుచేసి 1962లో ప్రకటించాడు. దాని వెనక వేసవి తర్వాత వేసవి వలలతో లక్షల జెల్లీ ఫిష్‌లని పట్టిన చేతుల్లో ఆయన భార్య అకేమివి కూడా ఉన్నాయి. ఆ ప్రొటీన్‌ని బతికున్న కణాల్లో దీపంలా వాడొచ్చని 1994లో చూపిన మార్టిన్ ఛాల్ఫీ, తన వ్యాసంలో భార్య టల్ హేజెల్‌రిగ్ అచ్చుకాని ఫలితాన్ని ప్రస్తావించాడు. ఆమె కూడా శాస్త్రవేత్తే. అనుమతి కోసం ఆమె పెట్టిన షరతులు ఆయనే చెప్పుకున్నాడు: కాఫీ కలపాలి, వంట చెయ్యాలి, చెత్త బయట పారెయ్యాలి. 2008లో రసాయనశాస్త్ర నోబెల్ షిమోమురాకి, ఛాల్ఫీకి, రోజర్ చియెన్‌కి వచ్చింది. హేజెల్‌రిగ్ షరతుల్ని అందరూ జోకుగా చెప్పుకుంటారు. నాకైతే అది ఆ చరిత్ర మొత్తంలో అన్నిటికంటే కచ్చితమైన అధోజ్ఞాపిక.

కాతలా దంపతులు దీపం వేసిన ఆ న్యూ కలెడోనియాకే మళ్ళీ వెళ్ళాలి. 2016లో సముద్రం వేడెక్కి పగడాలు పాలిపోతున్నప్పుడు, అక్కడి దిబ్బల మీద కొన్ని తెల్లబడకుండా నీలంగా, ఊదాగా, కళ్ళు చెదిరే పసుపుగా తయారయ్యాయి. ఏ టార్చీ అక్కర్లేదు, పట్టపగలే. 2017లో వచ్చిన ‘ఛేజింగ్ కోరల్’ డాక్యుమెంటరీలో ఆ దృశ్యాలున్నాయి. చూస్తే ఊపిరి ఆగుతుంది. అంత అందం. జరుగుతున్నదేమిటంటే, వేడికి పగడం తన శైవలాలని పోగొట్టుకుంటుంది. వాటి అడ్డు పోయాక తెల్లటి అస్థిపంజరం మీద వెలుగు పడి లోపలే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. పెరిగిన ఆ నీలానికి స్పందించి పగడం తన రంగు ప్రొటీన్లని ఎడాపెడా తయారుచేస్తుంది. ఈ క్రమాన్ని 2020లో ఎలెనా బొల్లాటి బృందం వివరించింది. వెళ్ళిపోయిన శైవలాలు తిరిగొచ్చి ఉండేందుకు వీలుగా పగడం పరుచుకునే నీడ అది. వేడి కొద్దిగా, కొద్దికాలమే ఉంటే కోలుకునే అవకాశమూ ఉంది. లేకపోతే ఆ రంగులే చివరివి.

ఆరోగ్యంగా ఉన్న పగడమూ మెరుస్తుంది, ప్రాణం మీదికి వచ్చిన పగడమూ మెరుస్తుంది. రాత్రి నీలం దీపంతో ఒక్కసారి దిగి ఫోటో తీసుకుని వచ్చేవాళ్ళకి తేడా తెలిసే మార్గం లేదు. పగలు చూడాలి. నెల తర్వాత చూడాలి. కిందటేడు ఎలా ఉందో తెలిసినవాళ్ళని అడగాలి. కన్నీళ్ళలో హీరోయిన్ ఇంకా అందంగా ఉందని రాసే సాహిత్యం మనకి కొత్త కాదు. అయితే మన స్త్రీవాద సంకలనాల్లో కూడా ‘అద్భుతమైన ఆత్మకథనం’ అని మనం మెచ్చుకునేవాటిలో ఎన్ని ఆ మనిషి అప్పటికప్పుడు పరుచుకున్న నీడలో, ఎన్ని నిజంగా ఆమె నిలబడ్డ బలమో, మనం మళ్ళీ వెళ్ళి చూశామా? తన కథ చెప్పి మనల్ని కదిలించిన స్త్రీ ఏడాది తర్వాత ఎలా ఉందో ఎన్ని పరిశోధనాపత్రాల్లో ఉంటుంది?

దీపం వేయడమే తప్పు అనేవాళ్ళూ ఉన్నారు. గట్టి వెలుగు పడ్డ చేప కాసేపు కదలకుండా నిలబడిపోవడం నేను చూశాను. దీనికి ఎడిత్ విడ్డర్ వేరే దారి పట్టింది. లోతు సముద్రపు జీవుల్లో చాలావాటికి ఎరుపు కనిపించదు కాబట్టి ఎర్రదీపంతో పనిచేసే కెమెరాని అడుగున పెట్టి వచ్చేసింది. 2004లో మెక్సికో సింధుశాఖలో దానితోనే అంతవరకూ ఎవరూ చూడని స్క్విడ్ దొరికింది. 2012లో జపాన్ దగ్గర జెయింట్ స్క్విడ్ కదలికల్ని పట్టిందీ ఈ పద్ధతే. భయపెట్టకుండా చూడటం మంచిదే. కాని తాను కనపడకుండా ఎదుటివాళ్ళని చూడటం అనగానే నా ఒళ్ళు కాస్త జలదరిస్తుంది. హాస్టల్ కిటికీల్లోంచి, బస్సు అద్దాల్లోంచి అలాంటి చూపుల కింద పెరిగినవాళ్ళం కదా. స్క్విడ్‌కి ఆ బాధ ఉందని నేననను. నీలం దీపంలో ఒక నిజాయితీ ఉందని మాత్రం అంటాను. ఎవరో వచ్చారని చేపకి తెలుస్తుంది, రాతి సందులోకి దూరిపోవచ్చు. పగడం దూరలేదు. అందుకని దాని ముందు ఎక్కువసేపు దీపం పెట్టకూడదని మా అమ్మాయి నియమం. తను లెక్కగా పదిసెకన్లు చూపించి చెయ్యి పక్కకి తిప్పేది.

ఇదే నీలం దీపాన్ని కొందరు శాస్త్రవేత్తలు పిల్లపగడాలని లెక్కపెట్టడానికి వాడతారు. మిల్లీమీటర్ల పరిమాణంలో ఉండే పిల్లపగడం తెల్లటి వెలుగులో రాతి గరుకుదనంలో కలిసిపోతుంది. నీలంలో ఆకుపచ్చ చుక్కలా తేలుతుంది. వేడి తర్వాత ఒక దిబ్బ తిరిగి పుంజుకుంటోందా లేదా అన్నది ఈ చుక్కల లెక్కని బట్టి కూడా తెలుస్తుంది. మెరవని జాతుల పిల్లలు ఆ లెక్కలోకి రావు కాబట్టి పగలు భూతద్దం పెట్టుకుని మళ్ళీ వెతకాలి. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా పగడాలు పాలిపోవడం నాలుగోసారి మొదలైందని ప్రకటించారు. ఆ వేసవిలో మన లక్షద్వీప్‌లో కూడా తీవ్రంగా పాలిపోయాయి. అలాంటిచోట్ల ఈ చుక్కల లెక్కలు చాలా కావాలి.

ఈ వ్యాసంతోపాటు ముఖచిత్రానికి ఫోటో ఏదైనా ఉంటే పంపమని సంపాదకులు అడిగారు. రెండు పంపుతున్నాను. ఒకటి రాత్రిది: మెదడు మడతల పగడం, ఆకుపచ్చ అంచులు, పక్కన నల్లగా ఖాళీ. రెండోది మర్నాడు పొద్దున అదేచోట ఆ అమ్మాయి తీసింది. రెండూ గోధుమరంగులో, పక్కపక్కన, ఏది మెరిసిందో గుర్తుపట్టలేనట్టు ఉన్నాయి. వేస్తే రెండూ ఒకే కొలతలో వేయండి. కింద లోతు పది మీటర్లు, నీలం దీపం, పసుపు ఫిల్టరు అని ఉండాలి. చోటు ఒక్కదానికే ఉంటే పగటిది వేయండి.